బుల్‌పెన్‌ను ఎద్దులదొడ్డి అనవచ్చా? బేస్‌బాల్ మాటలు తెలుగులో రాయడానికి ఏ దారి మేలు

మా వియ్యంకుడిగారిది ఒంగోలు పక్కన పల్లె. పొగాకు పండించిన చేయి, గిత్తలను మేపిన చేయి. పోయిన సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు నా బల్ల మీది నోటుపుస్తకం తెరిచారు. మొదటి పేజీలో ‘బుల్‌పెన్: ఎద్దులదొడ్డి’ అని ఉన్న చోట వేలు పెట్టి, కళ్ళజోడు పైకి జరుపుకుని, ఎంతో గంభీరంగా అడిగారు: “బావగారూ, ఈ దొడ్డిలో ఉన్నవి ఎన్ని పళ్ళవి?”

బండలాగుడు పందేల్లో గిత్తలను పళ్ళ లెక్కనే విభాగాలు చేస్తారు కాబట్టి ఆయన ప్రశ్న న్యాయమైనదే. అన్యాయం నా అనువాదంలో ఉంది. బేస్‌బాల్‌లో బుల్‌పెన్ అంటే, మైదానంలో బంతి విసురుతున్న పిచర్ అలసిపోతే అతని బదులు దిగబోయేవాళ్ళు చేయి వేడెక్కించుకునే చోటు. అక్కడ ఎద్దూ లేదు, గడ్డీ లేదు. ఒంగోలు మనిషికి ఎద్దులదొడ్డి అని చెప్పాక ఇక పిచర్ల ఊసు ఎత్తినా లాభం లేదు, ఆయన మనసు గిత్తల మీదికి పోయింది. ఆ సాయంత్రమంతా గిత్తల కబుర్లే.

ఈ సరదా నాకు అంటించినవాడు మా ఇద్దరి ఉమ్మడి ఆస్తి, పదేళ్ళ మనవడు. డాలస్ దగ్గర అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నప్పుడు వాణ్ణి ఆటకు తీసుకెళ్ళడం నా పని. ఒకరోజు బంతి వాడికి బాగా దూరంగా వెళ్ళింది. వాడు బ్యాట్ భుజం మీదినుంచి కదపలేదు. గట్టు మీది తల్లిదండ్రులంతా చప్పట్లు కొట్టి “గుడ్ ఐ!” అని అరిచారు. ఏమీ చేయని పిల్లవాడికి ఈ మెప్పు ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇంటికి వస్తూ వాడే చెప్పాడు: పనికిరాని బంతిని కన్ను పసిగట్టింది, చేయి ఆశపడలేదు, అందుకు మెప్పు. చెప్పి ఊరుకోక, “తాతయ్యా, దీన్ని తెలుగులో ఏమంటారు?” అన్నాడు. ముప్పయ్యేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, ఇల్లు చేరేదాకా నోరు మెదపలేదు.

అప్పటి నుంచి ఆ ఆట మాటలు ఏరి తెలుగులో రాస్తున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి సరదా పుడితే, మొదట్లోనే రెండు మూడు చోట్ల దారులు చీలతాయి. నేను తప్పు దారిలో కొంత దూరం నడిచి వెనక్కి వచ్చినవాణ్ణి కాబట్టి ఏది ఎలా ఉంటుందో చెప్పగలను.

ఏ మాటలు ఏరుకోవాలి

అన్నీ ఏరుకుందామనే ఆశ మొదట వదిలేయండి. పాల్ డిక్సన్ అనే అమెరికన్ 1989లో బేస్‌బాల్ నిఘంటువు తెచ్చి, తర్వాత కూర్పుల్లో పెంచుకుంటూ పోయి, పది వేల మాటలు దాటించాడు. అకారాది క్రమంలో మనం ఆ పని మళ్ళీ చేయనక్కరలేదు. నేను చేయబోయాను. ‘అ’ దాటకుండానే విసుగు పుట్టింది.

మిగిలినవి మూడు కుప్పలు. ఒకటి, ఆట నియమాల మాటలు: స్ట్రైక్, బాల్, బేస్, ఇన్నింగ్ వంటివి. రెండోది, ఆటగాళ్ళ యాస. మూడోది, మైదానం గోడ దూకి లోకంలో పడిన మాటలు.

మూడో కుప్పకు చదివేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. నెల్లూరులో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలను అడగండి. ‘బాల్‌పార్క్ ఫిగర్’ చెప్పమని వాళ్ళ మేనేజరు రోజూ అడుగుతూనే ఉంటాడు. అది ఉజ్జాయింపు లెక్క అని వాళ్ళకు తెలుసు. బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానమనీ, బంతి ఎక్కడ పడిందో తెలియకపోయినా కనీసం మైదానంలోనే పడిందన్న ఊహ ఆ మాటలో ఉందనీ చాలామందికి తెలియదు. ‘టచ్ బేస్’ (ఒకసారి పలకరించుకోవడం), ‘కర్వ్‌బాల్’ (ఊహించని చిక్కు) కూడా అలాగే ఆఫీసు ఫోనుల్లోకి చేరాయి. కాలిఫోర్నియాలో 1994లో వచ్చిన చట్టానికి ‘మూడు స్ట్రైకుల చట్టం’ అనే పేరు స్థిరపడింది (ఆటలో మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్): ఘోర నేరాలు చేసినవాడు మూడోసారి పట్టుబడితే ఇక దీర్ఘకాలం జైలే. ‘జాజ్’ అనే మాటైతే సంగీతానికి పేరు కాకముందే బేస్‌బాల్ వార్తలో అచ్చయింది. 1912లో లాస్ ఏంజలస్ పత్రికలో బెన్ హెండర్సన్ అనే పిచర్ తన వంకర బంతికి ఆ పేరు పెట్టుకున్నట్టు ఉంది.

కానీ నా మొగ్గు రెండో కుప్ప మీదికే, ఆటగాళ్ళ యాస మీదికే. కారణం స్వార్థమే: తెలుగు నుడికారం బలం తెలిసేది అక్కడ. అయితే ముందుగా నియమాల మాటలు ఓ ఇరవై రాసి పెట్టుకోకపోతే యాస ఒక్క ముక్క కూడా అర్థం కాదు. కనుక నా సలహా: ఇరవై నియమాల మాటలతో మొదలుపెట్టండి, పాఠకులు కావాలంటే ఆఫీసు మాటలు రాయండి, మీ ఆనందానికి యాస రాయండి. మూడూ ఒకే వ్యాసంలో కలపకండి.

తెలుగు చేయడమా, ఉన్నది ఉంచడమా, అరువు తేవడమా

అసలు తగువంతా ఇక్కడే.

మొదటి దారి, మాటను ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో పెట్టడం. సులువు, తప్పు పోదు. క్రికెట్‌కు మన పత్రికలు చేసింది ఇదే. వికెట్, ఓవర్, క్యాచ్, ఇన్నింగ్స్ అన్నీ అలాగే ఉండిపోయాయి. నిలిచిన తెలుగు మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: పరుగు, బంతి, మైదానం, ఇంకొన్ని. వికెట్‌కు ఎన్ని తెలుగు మాటలు కట్టినా నిలవలేదు, పరుగు మాత్రం నిలిచింది. ఎందుకు? పరుగు అందరూ చేసే పని. వికెట్ మనకు లేని వస్తువు. నేను ఇప్పుడు పాటించే కొలబద్ద ఇదే. మాటలో ఉన్నది పని అయితే తెలుగు చేస్తాను. వస్తువో, ఉద్యోగమో అయితే దాని పేరు దానికే ఉంచుతాను. పిచర్, క్యాచర్, షార్ట్‌స్టాప్, బుల్‌పెన్ అలాగే ఉంటాయి. విసరడం, దొంగిలించడం, జారి బేస్ (పరుగెత్తేవాడు ఆగే మజిలీ) అందుకోవడం తెలుగులోకి వస్తాయి. బేస్‌బాల్‌లో బంతిని ఎవరూ కొట్టకుండానే, పిచర్ విసిరే సందు చూసుకుని పరుగెత్తి తర్వాతి బేస్ చేరడాన్ని నిజంగానే దొంగతనం అంటారు. ‘రెండో బేస్ దొంగిలించాడు’ అని రాస్తే ఆట ఎరగనివాడికి కూడా చప్పున తెలుస్తుంది.

రెండో దారి, కొత్త మాటలు కట్టడం. నెల్లూరులో పుట్టినవాడికి ఈ దారి మీద మోజు సహజం. తిక్కన నడిచిన ఊరు మరి. భారతంలో పదిహేను పర్వాలను తెలుగు పలుకుబడిలో నిలబెట్టినవాడి ఊరివాళ్ళం, ఒక బంతాటను నిలబెట్టలేమా అనుకున్నాను. అనుకుని స్ట్రైక్‌ను ‘కొట్టు’ అన్నాను. ఆ ఆటలో స్ట్రైక్ అనేది చాలాసార్లు కొట్టలేకపోయినందుకు వేసే లెక్క! బ్యాట్ ఊపి తప్పినా స్ట్రైకే, మంచి బంతిని చూస్తూ వదిలేసినా స్ట్రైకే. కొట్టనివాడికి మూడు ‘కొట్లు’ పడి అవుటయ్యాడని రాసిన వాక్యం చదివి మా ఇంటావిడ, “కిరాణా కొట్లా?” అంది. ఆ పేజీ చింపేశాను.

ఈ దారిలో గెలిచినవాళ్ళు లేరా అంటే, జపాన్‌వాళ్ళు ఉన్నారు. బేస్‌బాల్‌ను వాళ్ళు ‘యాక్యూ’ అంటారు, పొలంలో బంతి అన్నట్టు. 1894లో చూమాన్ కనాయె కట్టిన మాట అది. అంతకంటే నాకు ఇష్టమైన కథ మసావోకా షికీది. హైకూ కవిగా ప్రపంచానికి తెలిసిన షికీ ఈ ఆటంటే పడి చచ్చేవాడు. బ్యాటర్‌కు, రన్నర్‌కు, నాలుగు బాల్స్‌కు ఆయన చేసిన జపనీస్ మాటలు ఈనాటికీ అక్కడి పత్రికల్లో నడుస్తున్నాయి. 1902లో, ముప్పై ఐదో ఏట క్షయతో పోయాడు. సరిగ్గా నూరేళ్ళకు, 2002లో, జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. కవి చేసిన మాటలు నిలవడానికి ఆయన ప్రతిభతో పాటు జపాన్‌వాళ్ళు వాడే చైనా లిపి కూడా తోడ్పడింది. రెండు అక్షరాలు పక్కపక్కన పెడితే పొట్టి మాట తయారు. మనం కట్టే మాటలు సంస్కృత సమాసాలై, రైలు పెట్టెల్లా సాగుతాయి. ఇంకో సంగతి. యుద్ధకాలంలో, 1943లో, అక్కడ ఆంగ్ల పదాలను పట్టుబట్టి తీయించారు. స్ట్రైక్ అనే చోట ‘యోషి’ అనాలన్నారు, అంటే ‘భేష్’ అన్నట్టు. యుద్ధం ముగిసింది, స్ట్రైక్ తిరిగి వచ్చింది. ప్రేమతో చేసినవి నిలిచాయి, హుకుంతో పెట్టినవి పోయాయి.

క్యూబా వైపు స్పానిష్‌లో అవుట్‌ఫీల్డర్‌ను తోటమాలి అంటారు. దూరంగా పచ్చికలో ఒంటరిగా నిలబడ్డవాడికి అంతకన్న మంచి పేరు ఉండదు. కెనడా ఫ్రెంచివాళ్ళు గాలిలో ఎటు పోతుందో తెలియక వణికే నకుల్‌బాల్‌ను సీతాకోకచిలుక బంతి అంటారు. ఈ రెండూ నేను నిస్సంకోచంగా తెలుగులోకి దించుకున్నాను. అసలును కాక, అనువాదాన్ని అనువదించడం ఒక్కోసారి మేలు.

మూడో దారి, క్రికెట్ నుంచి అరువు. తెలుగు పాఠకుడికి క్రికెట్ తెలుసు, కనుక ఇది రాజమార్గం అనిపిస్తుంది. చుట్టరికం కూడా నిజమే. బేస్‌బాల్ స్కోరు పట్టికకు రూపమిచ్చిన హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండులో పుట్టి, క్రికెట్ వార్తలు రాస్తూ ఇటు మళ్ళినవాడు. స్ట్రైకవుట్‌ను (మూడు స్ట్రైకులతో అవుటవడాన్ని) స్కోరు పుస్తకంలో ‘కె’ అక్షరంతో రాయడం ఆయన పెట్టిన అలవాటే. ఎస్ అక్షరం అప్పటికే శాక్రిఫైస్‌కు (తాను అవుటై తోటి రన్నర్‌ను ముందుకు పంపడానికి) కేటాయించాడు, అందుకని ‘స్ట్రక్’ అనే మాట చివరి అక్షరం తీసుకున్నాడు. బ్యాట్ ఊపకుండానే అవుటైతే ఆ కె ని తిరగేసి రాస్తారు. రెండు ఆటల మాటలూ ఒక్కోసారి కలుస్తాయి. క్రికెట్ నియమాల్లో బ్యాట్స్‌మన్ పోయి 2021లో ‘బ్యాటర్’ వచ్చింది, మన పత్రికలూ మార్చుకున్నాయి. బేస్‌బాల్‌లో ఆ మాట ఎప్పటి నుంచో ఉన్నదే.

అయితే చుట్టాలే మోసం చేస్తారు. ‘పిచ్’ చూడండి. క్రికెట్‌లో అది నేల, బేస్‌బాల్‌లో విసురు. ‘బాల్’ అంటే మనకు ఏ బంతైనా, అక్కడ అంపైర్ ‘బాల్’ అన్నాడంటే పిచర్ గతి తప్పి విసిరాడని. అన్నిటికన్న ప్రమాదకరం ‘వాక్’. క్రికెట్‌లో బ్యాటర్ వాక్ చేశాడంటే, అంపైర్ వేలెత్తకముందే తాను అవుటని ఒప్పుకుని వెళ్ళిపోయిన పెద్దమనిషి. బేస్‌బాల్‌లో వాక్ అంటే, పిచర్ నాలుగు చెడ్డ బంతులు విసిరినందుకు బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా దక్కడం. ఒకచోట నిష్క్రమణ, ఒకచోట ప్రవేశం. అలాగే ‘హోమ్’. ఆటగాడు హోమ్ నుంచి బయలుదేరి మూడు బేసులూ చుట్టి మళ్ళీ హోమ్ చేరితేనే పరుగు. దాన్ని ‘ఇల్లు’ అందామని ఎంతో సంబరపడ్డాను. కానీ మన క్రీడా పేజీల్లో ‘ఇంటిముఖం పట్టాడు’ అంటే ఓడి పోయాడని. అక్కడ ఇంటికి చేరడం గెలుపు, ఇక్కడ ఓటమి. హోమ్‌ను హోమ్‌గానే ఉంచాను. క్రికెట్‌ను పోలికకు వాడండి, పేర్లకు వాడకండి.

నాలుగో దారి నాకు ఆలస్యంగా తట్టింది: మన వీధి ఆటలు. నేలాబండ ఆడినవాడికి బేస్ అంటే ఏమిటో పాఠం అక్కరలేదు. దొంగ ‘నేల’ కోరుకున్నాడనుకోండి, బండ మీద నిలబడ్డంతసేపు మనల్ని ఎవరూ ముట్టుకోలేరు. కింద కాలు పెట్టామా, దొరికిపోతాం. బేస్‌బాల్ రన్నర్ బతుకంతా అంతే, ఒక బండ నుంచి ఇంకో బండకు. బంతి పట్టుకున్నవాడు ముట్టుకుంటే అవుట్. బేస్‌ను ‘బండ’ అని రాయమనను. కానీ ఒక్కసారి నేలాబండ అని చెప్పి తర్వాత బేస్ అని రాసుకుంటూ పొండి, మూడు పేజీల వివరణ మిగులుతుంది. కర్రాబిళ్ళ కూడా పనికొస్తుంది, కొట్టిన బిళ్ళను గాలిలోనే పట్టేస్తే అవుటన్నది చెప్పడానికి.

ఇక యాస దగ్గరికి వస్తే ఈ నాలుగు దారులూ పక్కన పెట్టి సామెతల మూట విప్పాల్సిందే. రన్నర్ రెండు బేసుల మధ్య ఇరుక్కుని, అటు ఒకడూ ఇటు ఒకడూ బంతి ఇచ్చిపుచ్చుకుంటూ తరుముతుంటే ఆ అవస్థను వాళ్ళు ‘పికిల్’ అంటారు. మాటకు మాట పెడితే ‘ఊరగాయలో పడ్డాడు’ అవుతుంది, చదివినవాడికి నోరూరుతుంది తప్ప జాలి కలగదు. ‘అడకత్తెరలో పోకచెక్క’ అనండి, పని అయిపోయింది. పెద్ద లీగ్‌లో నాలుగు రోజులు ఆడి మళ్ళీ కనబడకుండా పోయినవాడిది ‘కప్ ఆఫ్ కాఫీ’. మనకు చుట్టపుచూపు ఉండనే ఉంది. ఒకే ఆటలో నాలుగుసార్లు స్ట్రైకవుటైతే ‘బంగారు సాంబ్రేరో’, మెక్సికో వాళ్ళ వెడల్పాటి టోపీ. దీనికి సమానమైనది నాకు దొరకలేదు. బంగారు టోపీ అంటే బహుమతి అనుకుంటారు. కుచ్చుటోపీ అంటే మోసం అవుతుంది. అలాగే వదిలేశాను.

‘కేన్ ఆఫ్ కార్న్’ అనే మాట దగ్గర ఒక రోజంతా ఆగాను. గాలిలోకి మెల్లగా లేచి ఫీల్డర్ నిలబడ్డ చోటికే దిగే తేలిక క్యాచ్ అది. పాతకాలం కిరాణా కొట్లలో పై అరలోని మొక్కజొన్న డబ్బాను కొట్టువాడు కర్రతో కదిపి, కింద పడుతుంటే తన కట్టుబట్ట చెంగులో పట్టుకునేవాడనీ, ఆ తేలికతనం నుంచి మాట పుట్టిందనీ చెబుతారు. మా చిన్నప్పుడు పెద్దబజారులోని ఒక కొట్టు శెట్టిగారు సరిగ్గా ఇలాగే, దూలానికి వేలాడే బెల్లం బుట్టను కొక్కెపుకర్రతో తప్పించి పొట్ట మీద ఆపుకునేవారు. చూడకుండానే. మాట్లాడుతూనే. ఈ మాటకు ‘అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు’ అని ముగించవచ్చు, అర్థం చెడదు. కానీ ఇలాంటి చోట సామెతతో తప్పించుకోకుండా కథ చెప్పడం మేలు. మాటతో పాటు కొట్టూ, కర్రా, మనిషీ రావాలి.

వినాలా, చూడాలా, చదవాలా

మాటల కోసమైతే రేడియో వ్యాఖ్యానం వినండి. టీవీ వ్యాఖ్యాతకు బొమ్మ ఉంది కాబట్టి సగం మింగేస్తాడు. రేడియోవాడు బంతి వంపు నుంచి ఆకాశంలో మబ్బు దాకా నోటితోనే గీయాలి. ఆకాశవాణి క్రికెట్ వ్యాఖ్యానంతో పెరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు.

వేళలు చూసుకుంటే మన జిల్లాలకు బాగానే కుదురుతుంది. వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి ఏడుకు మొదలైన ఆట మనకు తెల్లవారుజామున నాలుగున్నర. లాస్ ఏంజలస్‌లో ఏడు అంటే ఉదయం ఏడున్నర, రెండో కాఫీ వేళ. జపాన్ ఆటలు సాయంత్రం ఆరుకు మొదలైతే మనకు మధ్యాహ్నం రెండున్నర, భోజనం చేసి కునుకు తీసే సమయం, ఆ భాష రాకపోయినా ‘సుత్తొరైకు’ అన్న కేక వినడానికి బాగుంటుంది. ఉద్యోగస్తులకు లాస్ ఏంజలస్, నావంటి నిద్రపట్టనివాళ్ళకు న్యూయార్క్. ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది కాబట్టి ఒకటి తప్పిపోయిందని బెంగ అక్కరలేదు. పరీక్షల వేళ ఐపీఎల్‌కు పడినట్టు ఇంట్లో తగువులూ ఉండవు.

పాత పత్రికలు చదవడం మాటల పుట్టుక వెతికేవారికే. మొదటి ఏడాది ఆ జోలికి పోకండి. ఒక్కో మాటకు నాలుగు పుట్టుకథలు దొరుకుతాయి, నాలుగూ నమ్మదగ్గవిగానే ఉంటాయి.

ఎంత, ఎలా

ఒక మాట, ఒక పుట. అంతే. మ్యాచ్ వారీగా రాస్తే వారం తిరిగేసరికి పాతబడుతుంది. ఆట మొత్తం ముందు బోధించి తర్వాత మాటలకు వద్దామంటే నియమాల దగ్గరే పాఠకుడు లేచి వెళ్ళిపోతాడు. ఒక్క ‘పికిల్’ చెప్పడానికి రెండు బేసులూ ఒక బంతీ తెలిస్తే చాలు, ఆ పూటకు అంతవరకే చెప్పండి. రాసింది అచ్చుకు ముందు ఆట తెలియనివారికి ఒకసారి చదివి వినిపించండి. నాకు వియ్యంకుడుగారు ఉన్నారు. ఆయన నవ్విన చోట మాట మార్చుకుంటాను, ఆవులించిన చోట వాక్యం కొట్టేస్తాను.

‘గుడ్ ఐ’ ఇంకా తేలలేదు. ‘మంచి కన్ను’ అంటే కంటి డాక్టరు మాటలా ఉంది, ‘చల్లని చూపు’ దేవుడిదై కూర్చుంది. ప్రస్తుతానికి ‘భలే వదిలావు’ అని రాసుకున్నాను.

మొన్న ఆదివారం మనవడు ఫోను చేసేసరికి వియ్యంకుడుగారు మా ఇంట్లోనే ఉన్నారు. ఫోను ఆయనే అందుకున్నారు. “తాతయ్యా, ఈ రోజు ఆటలో నేను మూడుసార్లు నడిచాను!” అని వాడి గొంతు హాలంతా వినబడింది. నేను నేర్పిన తెలుగే. ఆయన ముఖం వాడిపోయింది. ఫోనుకు చేయి అడ్డం పెట్టి నా వైపు తిరిగి, “బావగారూ, పిల్లవాడి కాలికి ఏమైంది? పరుగెత్తలేకపోతున్నాడా?” అన్నారు.